ముందు మీ అమ్మాయికి ఫోన్ చేయండి

అమ్మా,

పి.గన్నవరం అవతలి గోదావరి లంకలో ఒంటరిగా ఉంటూ, నలభై తొమ్మిదేళ్ల వయసులో రొమ్ము కేన్సర్‌కు ఆపరేషన్ చేయించుకుని, ఈ నెలాఖరు నుంచి రాజమండ్రిలో కీమో మొదలుపెట్టబోతున్న మీరు రాసిన ఉత్తరం ముప్పాతిక వంతు మీ తమ్ముడి గురించే ఉంది. తల్లి పోయాక అతన్ని పెంచింది మీరు. మీ వారు పోయిన తరువాత కూడా గాజులమ్మి అతని రొయ్యల చెరువుకు పెట్టుబడి పెట్టింది మీరు. ఇప్పుడు అతను నాలుగిళ్ల అవతలే ఉండి, చెరువు పట్టుబడి ఉందని ఒకసారి, మేత లారీ వస్తుందని ఒకసారి చెప్పి ఆసుపత్రికి రావడం లేదు. మరదలు మీరు తాగిన గ్లాసు విడిగా పెట్టి, పిల్లల్ని మీ గుమ్మం తొక్కనివ్వడం లేదు. మీకున్న అర ఎకరం కొబ్బరితోట ఇప్పుడే అతని పేర రాసేస్తే తోడు వస్తాడేమో, రాయమంటారా అని అడిగారు.

రాయవద్దు. తోట ఇస్తే గాని అక్క వెంట బస్సెక్కని మనిషి, ఇచ్చాక ఎన్నిసార్లు ఎక్కుతాడో మీకూ తెలుసు. రాబోయే ఆరు నెలలు ఆ తోటలో కాయలు దించి అమ్మిన దింపు డబ్బే మీకు మందులు, కారు కిరాయి, గది అద్దె. మరదలి సంగతి అంటారా, కేన్సర్ గ్లాసు ద్వారా గానీ, ముట్టుకుంటే గానీ అంటదు. ఆ మాట ఆమెకు మీ ఊరి ఆశా కార్యకర్త చేత చెప్పించి ఊరుకోండి.

నన్ను కదిలించింది మీ ఉత్తరంలో చివరికెక్కడో ఉన్న ఒక్క వాక్యం. “హైదరాబాదులో ఉన్న అమ్మాయికి పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ అని చెప్పాను, అల్లుడి దగ్గర దాని మాట చులకన కాకూడదు కదా” అని రాసి, ఆ వెంటనే మళ్లీ తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయారు. మీ అసలు కష్టం ఆ వాక్యంలో ఉందమ్మా. రాని తమ్ముడి కోసం గుమ్మంలో నిలబడి ఉన్నారు, పిలిస్తే ఆ రాత్రికే బస్సెక్కే కూతురికి మాత్రం అబద్ధం చెప్పారు. కొడుకు లేని లోటును తమ్ముడితో పూడ్చుకోవాలని ఇన్నేళ్లుగా అనుకున్నారే గాని, ఆ లోటు నిజంగా ఉన్నదా అని ఒక్కసారైనా ఆలోచించలేదు. ఆడపిల్ల ఇంట మంచినీళ్లు ముట్టకూడదన్న పట్టుదల మన పెద్దవాళ్లలో చాలామందికి ఉండేది, దాన్ని వాళ్లు అభిమానమని అనుకున్నారు. పరాయి మగవాడి ముందు చేయి చాచకపోవడం అభిమానమే గాని, కన్నకూతురి నుంచి ప్రాణం మీదికి వచ్చిన జబ్బును దాచడం అభిమానం కాదు, ఆ పిల్లను తల్లి బాధ్యతకు పనికిరానిదానిగా లెక్కగట్టడం. ఆమె మీకేమీ చేయలేదని రేపు ఊరంతా అంటే, అలా అనిపించింది మీరే అవుతారు.

ఇంకొక కారణం వైద్యానికి సంబంధించినది, దానికి మీ ఇష్టాయిష్టాలతో పని లేదు. తల్లికి యాభై ఏళ్లలోపే రొమ్ము కేన్సర్ వచ్చిందన్న విషయం కూతురి ఆరోగ్యానికి అవసరమైన సమాచారం. ఆమెకు ఏ వయసు నుంచి పరీక్షలు చేయించాలి, మీకు జన్యు పరీక్ష అవసరమా అన్నవి మీ డాక్టరును అడిగి తెలుసుకోవాల్సిన సంగతులు. దాస్తే నష్టపోయేది ఆమె.

ఉద్యోగం చేసే పిల్ల ఆరు నెలలు ఎలా ఉంటుందని మీరు అడ్డు చెబుతారని తెలుసు. అన్ని రోజులూ ఉండనక్కరలేదు. మూడు వారాలకొకసారి చొప్పున ఎనిమిది విడతలు ఎక్కిస్తామని చెప్పారని రాశారు. ప్రతి విడతలోనూ ఎక్కించే రోజు, ఆ తరువాతి మూడు నాలుగు రోజులు వాంతులు, నీరసం ఎక్కువగా ఉంటాయి, అప్పుడు అమ్మాయి పక్కన ఉండాలి. దాదాపు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు వరకు రక్తంలో తెల్లకణాలు బాగా తగ్గిపోతాయి. ఆ రోజుల్లో మీరు తిరుగుతూనే ఉంటారు గాని, రాత్రిపూట ఇంట్లో ఒంటరిగా పడుకోకూడదు. దానికి మీ డ్వాక్రా సంఘంలో మీకు మనసైన ఇద్దరిని, ఫలానా వారం నువ్వు, ఫలానా వారం నువ్వు అని పేరు పెట్టి అడగండి. “ఏమైనా అవసరముంటే చెప్పు” అన్నవాళ్లకు పని అప్పజెప్పకపోతే ఆ మాట అక్కడితోనే పోతుంది.

ఆ రోజుల గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం జ్వరం. ఇంట్లో థర్మామీటరు పెట్టుకోండి. ఒళ్లు వేడి 100.4 డిగ్రీలకు చేరితే, అది రాత్రి రెండు గంటలైనా సరే, పారాసెటమాల్ మింగి తెల్లవారేదాకా చూద్దామనుకోకుండా వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేసి బయలుదేరాలి, ఎందుకంటే తెల్లకణాలు తగ్గిన ఒంట్లో చిన్న ఇన్‌ఫెక్షన్ కూడా గంటల్లోనే ప్రాణాంతకం కాగలదు. ఇక్కడే మీ ఊరు నన్ను భయపెడుతోంది. మీ మొదటి నాలుగు విడతలు సరిగ్గా వరదల కాలంలో పడుతున్నాయి. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి హెచ్చరిక ఇచ్చేసరికే లంకల్లో చాలాచోట్ల కాజ్‌వే మీదికి నీరు వచ్చేస్తుంది, 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చిన వరదను మీరు మీ ఇంట్లో ఉండే చూసి ఉంటారు. అర్ధరాత్రి 108 కు ఫోన్ చేస్తే ఆ బండి గట్టు దగ్గర ఆగిపోతుంది, మీరు జ్వరంతో పడవ కోసం చూడాలి. అందుచేత జూలై నుంచి సెప్టెంబరు దాకా లంకలో ఉండవద్దు. ఆసుపత్రికి దగ్గరలో ఒక గది అద్దెకు తీసుకోండి. అమ్మాయి తన దగ్గరికే తీసుకుపోతానంటే, హైదరాబాదులో వైద్యం కొనసాగించవచ్చునా, అక్కడ మీ ఆరోగ్యశ్రీ కార్డు చెల్లుతుందా అన్నది మొదటి విడతకు ముందే డాక్టరును, వైద్యసేవ కౌంటరులోనూ అడగండి.

ఆరోగ్యశ్రీ అని మనం ఇప్పటికీ పిలుచుకునే డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవలో కీమోకు అనుమతి ఉంది. బియ్యం కార్డు, ఆధార్, బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ డిశ్చార్జి పత్రం, హార్మోన్ రిసెప్టర్ రిపోర్టు ఒకే సంచిలో ఉంచి, జిరాక్సులు ఇంకొక చోట పెట్టండి. మొదటి విడతకు ముందు పంటి డాక్టరుకు చూపించుకోండి, గుండెకు ఎకో అనే స్కానింగ్ తీస్తారు, ప్రతి విడతకూ ముందు రక్తపరీక్ష ఉంటుంది. ఆపరేషన్ జరిగిన వైపు చేతికి సూది గానీ, బీపీ పట్టీ గానీ వేయనివ్వకండి. కీమోలో ఎర్రటి రంగు మందు ఎక్కిస్తే, మరునాటి దాకా మూత్రం ఎర్రగా వస్తే అది రక్తం కాదు, మందు రంగు. వాంతుల మాత్రలు వాంతి వచ్చాక కాదు, చీటీలో రాసిన వేళకే వేసుకోవాలి. జుట్టు రెండు మూడు వారాల్లో రాలుతుంది, వైద్యం అయ్యాక మళ్లీ వస్తుంది, దాని గురించి ఇప్పుడు బెంగ వద్దు.

తిండి విషయంలో బయటి చట్నీలు, కోసి అమ్మే పళ్లు, కాచని నీళ్లు మానండి. బాగా ఉడికిన చేపల పులుసు, గుడ్డు, పప్పు నిరభ్యంతరంగా తినవచ్చు, నోరు పూసినప్పుడు మాత్రం ఆవకాయ జోలికి పోకండి. కేన్సర్‌కు పసరు మందు ఇస్తామంటూ ఎవరైనా ఇంటికి వస్తే డాక్టరుకు చెప్పకుండా చుక్క కూడా మింగవద్దు. ఆడవాళ్లకు ఛార్జీ లేదు గదా అని కీమో ఎక్కించుకుని కిక్కిరిసిన ఆర్టీసీ బస్సులో నిలబడి ఇంటికి రావద్దు. ఆ ఖర్చుకే గదా దింపు డబ్బు ఉంది.

మీ తమ్ముడు ఏదో ఒక రోజు వస్తే ఆదరించండి, రాకపోతే కబురు పెట్టకండి. పెంచిన ఋణం గుర్తు చేసి రప్పించుకున్న మనిషి పక్కన కూర్చున్నా మీకు ధైర్యం రాదు.

ఈ ఉత్తరం చదివిన రోజే అమ్మాయికి ఫోన్ చేయండి. రాళ్ల ఆపరేషన్ అన్నది అబద్ధమని మొదటే చెప్పి, జబ్బు పేరు చెప్పండి. ఆమె ఏడుస్తుంది, ఆ తరువాత ఇన్నాళ్లు దాచావని కోప్పడుతుంది, ఆ కోపానికి ఎదురు చెప్పకుండా విని, మొదటి విడత తేదీ చెప్పి రెండు రోజుల ముందుగా రమ్మనండి. అల్లుడు గారు కూడా వస్తానంటే, ఇల్లు ఇరుకని, మర్యాద జరగదని చెప్పి ఆపకండి.