సమాధానం: రేణిగుంట (తిరుపతి) – గన్నవరం (విజయవాడ) విమాన ప్రయాణం నిజంగా ఎంతసేపు?

దూరాన్ని వేగంతో భాగిస్తే 42 నిమిషాలు వస్తుంటే టికెట్లో గంటా పది నిమిషాలు ఎందుకు వేశారని అడిగారు కదా, రెండూ తప్పు కాదండీ.

రేణిగుంట నుంచి గన్నవరానికి సరళరేఖలో సుమారు 350 కిలోమీటర్లు (రోడ్డు మీద 400 దాటుతుంది). ఏటీఆర్ (రెక్కలకు ప్రొపెల్లర్లుండే చిన్న విమానం) వేగం గంటకు 500 కిలోమీటర్లు అనుకుని భాగిస్తే మీ 42 వస్తుంది. కానీ విమానం పైకి లేచేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ ఆ వేగం ఉండదు. గాలివాటాన్ని బట్టి రన్‌వేకి చుట్టు తిరిగి రావలసి రావచ్చు. పైగా టికెట్లోని సమయం విమానం నిలిచిన చోటి నుంచి కదిలినప్పటి నుంచి, అక్కడ మళ్లీ ఆగేదాకా. గాలిలో ఉండేది ముప్పావు గంటో, ఇంకాస్త ఎక్కువో.

మీ అసలు చిక్కు, దిగాక విజయవాడలో అందుకోవలసిన రైలు. గన్నవరం నుంచి స్టేషన్ 20 కిలోమీటర్లు. బెల్టు మీద సామాను కోసం నిలబడడం, సాయంత్రం దారిలో రామవరప్పాడు రింగు కూడలి దగ్గర ట్రాఫిక్‌లో ఆగడం కలుపుకోండి. దిగాక రెండున్నర గంటలకన్నా ముందున్న రైలు నేనైతే పెట్టుకోను. అమ్మగారి లడ్డూ సంచి చిన్నదిగా కట్టండి, ఏటీఆర్‌లో తలపై అరలు ఇరుకు.