రాయబారం పాఠం పాడి మొదలుపెట్టు

బిడ్డా,

తొమ్మిదో తరగతికి రాయబారం సీను చెప్పాలి, పద్యం అనగానే పిల్లలు తల వంచేస్తున్నారు అన్నావు గదా. ముందు పుస్తకాలు మూయించు. తిరుపతి వేంకట కవులు పాండవోద్యోగం రాసింది స్టేజీ కోసం, ప్రతిపదార్థంతో మొదలుపెడితే అందులో నాటకం ఎక్కడుందో పిల్లలకు కనపడనే కనపడదు.

'చెల్లియో చెల్లకో' పద్యమే తీసుకో. పాండవులు అన్నీ ఓర్చుకున్నారు, సంధి కోసం నన్ను దూతగా పంపారు అని కృష్ణుడు కౌరవరాజుతో మొదటి రెండు పాదాల్లో చెప్తాడు, మూడో పాదంలో నీ పిల్లాపాపలు, ప్రజలు చల్లగా ఉండేటట్టు పొందు చేసుకుంటావా అని అడుగుతాడు, నాలుగో పాదానికొచ్చేసరికి లేదా రేపు యుద్ధమేనా, తేల్చి చెప్పు అంటాడు. మొదటి రెండూ కింది స్థాయిలో నిదానంగా పాడు. మూడోది మెత్తగా పాడి కొంచెం ఆగు, నాలుగోదానికి గొంతు పైకెత్తు. తర్వాత ఒక్కటే అడుగు, ఈయన ఎక్కడ మారిండు అని. అర్థం తెలియకున్నా చెవికి తెలుస్తుంది. ఎందుకు మారాడన్నది అప్పుడు వాళ్లే అడుగుతారు, అర్థం చెప్పాల్సింది అప్పుడే.

ఆ నాలుగో పాదాన్నే మళ్లీ ముఖారి లాంటి శోక రాగంలో పాడి చూపించు. కృష్ణుడు భయపడ్డట్టుంది సార్ అని ఎవరో ఒకరు అంటారు, అక్కడి నుంచి పాత్ర గురించి మాట్లాడటం సులువు. మన పిల్లలకు ఇది అంత కొత్తేమీ కాదు బిడ్డా, ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు కథ దగ్గర కూర్చున్నవాళ్లకు డోలు దెబ్బ మారితే కథ మలుపు తిరుగుతుందని ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆలాపన మాత్రం పొడుగు చేయకు. జనం వన్స్ మోర్ అంటే నటులు పద్యాన్ని మళ్లీ అందుకుని సాగదీసేవాళ్లు, నాకు అదంటే ప్రాణం, కానీ క్లాసులో రాగం సాగితే మాట చెదిరిపోతుంది.

ఆ వయసులో మగపిల్లల గొంతు విరుగుతుంటుంది, పాడమని బలవంతం చేయకు. తాళం వేయించు, లేదా పద్యాన్ని డైలాగులాగా చదివించు. శ్రుతికి నా హార్మోనియం ఉంది, ఆదివారం హన్మకొండ వచ్చి పట్టుకపో.

మీ పెద్దనాయన