సింథసైజర్‌లో నాయిస్‌ను శాంపిల్ అండ్ హోల్డ్‌కు ఇచ్చి పిచ్‌కి కలిపితే ట్యూన్‌లా ఎందుకు ఉండట్లేదు?

మీ సర్క్యూట్‌లో తప్పు లేకపోవచ్చు. శాంపిల్ అండ్ హోల్డ్ అంటే క్లాక్ టిక్ అన్నప్పుడల్లా లోపలికొచ్చే వోల్టేజీని పట్టుకుని, తర్వాతి టిక్ దాకా అలాగే నిలిపేది. దానికి నాయిస్ ఇస్తే, ముందు నోటుకీ తర్వాతి నోటుకీ పొంతన లేకుండా వోల్టేజీ ఇవ్వడమే దాని పని. విన్నది మళ్ళీ వినబడితేనే మన చెవి దాన్ని ట్యూన్ అనుకుంటుంది. నేనూ మొదటి ఆర్నెల్లు "అసలైన" ర్యాండమ్ కోసమే తంటాలు పడ్డాను.

ముందు రేంజ్ తగ్గించండి. ఆక్టేవ్‌కి (ఒక స్థాయికి) ఒక వోల్టు లెక్కలో, అందులో పన్నెండో వంతైన సెమీటోన్ అంటే 83.3 మిల్లీవోల్టులే. 5 వోల్టులూ వదిలేస్తే ఐదు ఆక్టేవుల్లో గెంతుతుంది. ఒక పాట్ (తిప్పే రెసిస్టర్) పెట్టి 1 వోల్టుకి దించండి, అదీ క్వాంటైజర్‌కి, అంటే వోల్టేజీని దగ్గరి స్వరానికి సర్దేదానికి, ముందే. తర్వాత పెడితే శ్రుతి పోతుంది. క్వాంటైజర్‌లో నేను మోహన రాగం స్వరాలే ఉంచుతాను: సెమీటోన్లలో 0, 2, 4, 7, 9.

అసలు మార్పు షిఫ్ట్ రిజిస్టర్‌తో వచ్చింది, అంటే క్లాక్ టిక్‌కొకసారి బిట్లను ఒక గడి ముందుకు జరిపే చిప్‌తో. టామ్ విట్‌వెల్ 2012లో చేసిన ట్యూరింగ్ మెషీన్ అనే సింథ్ మాడ్యూల్ కిటుకు ఇదే. 16 బిట్లు గుండ్రంగా తిరుగుతుంటాయి. బయటికొచ్చిన బిట్‌ను అలాగే లోపలికి పంపాలా, తిరగేసి (0ని 1గా, 1ని 0గా) పంపాలా అన్నది నాయిస్ తేలుస్తుంది. నాబ్ మధ్యలో ఉంటే అంతా ర్యాండమ్, కుడి చివర ఉంటే లూప్ బిగుసుకుపోతుంది. ఆ చివరకి కాస్త ఇవతల పెట్టి చూడండి: నాలుగైదు చుట్లకి ఎక్కడో ఒకచోట మారుతుంది. నాది ఎప్పుడూ అక్కడే ఉంటుంది. ఆ 16 బిట్లకి రెండు సీడీ4015 షిఫ్ట్ రిజిస్టర్ చిప్‌లు చాలు.

ఆ బిట్లను వోల్టేజీగా ఎలా కలుపుతారన్నదీ ముఖ్యమే. ఆరు బిట్లను ఆర్-2ఆర్ నిచ్చెనతో (ఒక్కో బిట్‌కి ముందుదానికి రెట్టింపు బరువిచ్చే రెసిస్టర్ల వరసతో) కలిపితే 64 మెట్లు, అన్నిటికీ సమాన అవకాశం. అవే ఆరింటిని ఒకే విలువ రెసిస్టర్లతో కలిపితే 7 మెట్లే. నడిమి మెట్టు 64లో 20 సార్లు, చివరివి ఒక్కొక్కటి ఒకసారి పడతాయి. అంటే ఒక నోటు చుట్టూ తిరుగుతూ, అరుదుగా దూరం పోతుంది. బుక్లా 266 అనే ర్యాండమ్ వోల్టేజీ మాడ్యూల్‌లో ఈ రెండు రకాల అవుట్‌పుట్లూ ఉన్నాయి. పిచ్‌కి నా ఓటు రెండోదానికే.

ఇక నాయిస్. నాయిస్ పుట్టించడానికి 2ఎన్3904 ట్రాన్సిస్టర్ బేస్-ఎమిటర్‌ను తిరగేసి కట్టి ఉంటారు. అన్నీ ఒకేలా గోల చెయ్యవు, పది కొని సాకెట్‌లో మార్చి మార్చి చూడండి. నాకైతే ఒకసారి నోట్లు మెల్లగా పైకెక్కి, మెల్లగా దిగేవి. మూడు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. తీరా చూస్తే హాఫ్‌వేవ్ సప్లై నుంచి 50 హెర్ట్జ్ రిపుల్ (కరెంటు సప్లైలో మిగిలిపోయిన అల) నాయిస్‌తో పాటే యాంప్లిఫై అవుతోంది. నా క్లాక్ ఇంచుమించు 10 హెర్ట్జ్. సరిగ్గా భాగిస్తుంది కాబట్టి ప్రతిసారీ రిపుల్‌ను దాదాపు ఒకే చోట పట్టుకుంటోంది, ఆ చోటు మెల్లగా జరిగేకొద్దీ నోట్లూ జరుగుతున్నాయి! ట్రాన్సిస్టర్‌కి వెళ్ళే 12 వోల్టుల దారిలో 1కె రెసిస్టర్, 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాక పోయింది. ఆ ఊగిసలాట పిచ్‌కి బదులు ఫిల్టర్ కటాఫ్‌కి (ధ్వనిలో ఏ ఎత్తు దాకా వదలాలో తేల్చే హద్దుకి) ఇస్తే మాత్రం భలే ఉండేది, అందుకే పాత బోర్డు పారెయ్యలేదు.