గ్రౌండ్ మూసేశారు, వ్యాయామం ఎలా?

ప్రశ్న (కరోనా రోజుల్లో వచ్చింది): కరోనా కేసులు పెరిగి మా వాకింగ్ గ్రౌండ్ మూసేశారు. అందరూ ఇంట్లోనే ఉండటంతో పని రెట్టింపైంది. డాబా మీద నడుద్దామంటే ఎదురింటివాళ్ల చూపులు. ఏం చేయాలి?
- ఓ గృహిణి, కావలి

జవాబు: అమ్మా, మీకు అడ్డం బద్ధకం కాదు, తీరిక లేకపోవడం. అంట్లు, బట్టలు మిగతావాళ్లూ పంచుకోవాల్సిందే. అది మొహమాటపడే విషయం కాదు. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, 2 రోజులు కండరాలకు పని అవసరం. ఒకేసారి కుదరకపోతే రోజుకు 10 నిమిషాల చొప్పున 3 సార్లు చేయండి.

తలుపు వేసుకుని 3 నిమిషాలు నిలుచున్నచోటే అడుగులు వేయండి. తర్వాత కుర్చీలోంచి 10 సార్లు లేచి కూర్చోండి. టైల్స్ మీద కుర్చీ జారుతుంది, గోడకు ఆనించండి. మోకాళ్లు లోపలికి వంగితే నొప్పి పుడుతుంది, పాదాల వరుసలోనే ఉంచండి. గోడకు చేతులు ఆనించి 10 పుషప్‌లు. చేతులతో ఎత్తడానికి లీటరు నీళ్ల బాటిల్ అంటే కిలో బరువు, డంబెల్ కొననక్కర్లేదు. నైటీ అంచు కాళ్లకు తగులుతుంది, చుడీదార్ మేలు.

డాబా ఎక్కితే మన ఎండలకు ఉదయం 7 లోపే. చూసేవాళ్లు నాలుగు రోజులు చూసి మానేస్తారు.

జ్వరం ఉంటే వద్దు. కరోనా వచ్చి తగ్గితే, లక్షణాలన్నీ పోయి 7 రోజులు గడిచాక నెమ్మదిగా నడకతో మొదలుపెట్టండి. ఛాతీ నొప్పి, గుండెదడ, ఆయాసం వస్తే ఆపేసి డాక్టర్‌కు చూపించుకోండి.