చూడటానికా, రాయడానికా?

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ ఉత్తరం చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. ఇటలీలో అగ్నిపర్వతపు బూడిద కింద పూడిపోయిన పాంపేయి పట్టణంలోని ఈజిప్టు దేవత ఐసిస్ గుడి మీద నీ థీసిస్ ముగింపుకొచ్చిందన్నావు. వసతి, గ్రంథాలయం ఒకేచోట దొరికే ఫెలోషిప్పులకు దరఖాస్తు పెడతానని కొన్ని పేర్లు రాసి, వాటిలో ఏది గొప్పదో చెప్పమన్నావు. దానికి ముందు నువ్వు నాకు ఒక సంగతి చెప్పాలి. నీ పని ఇంకా చూడవలసిన దశలో ఉందా, రాయవలసిన దశకు వచ్చిందా? ఇది తేలితే నీ జాబితా సగానికి తగ్గిపోతుంది.

చూడవలసింది ఇంకా ఉందనుకో, అప్పుడు రోమ్‌కే వెళ్ళాలి. 1764లో ఆ గుడి బయటపడ్డాక గోడల మీది చిత్రాలను కోసి తీసుకుపోయారు. అవి ఇప్పుడు నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో ఉన్నాయి. గోడలు ఒక ఊళ్ళో, చిత్రాలు మరో ఊళ్ళో. రోమ్‌లో ఉంటే పొద్దున్నే రైలెక్కి వెళ్ళి చూసి, రాత్రికి తిరిగొచ్చి, మర్నాడు గ్రంథాలయంలో కూర్చోవచ్చు. జనికులం కొండ మీది అమెరికన్ అకాడమీ 1894 నాటిది. వాళ్ళిచ్చే రోమ్ ప్రైజ్ అనే ఫెలోషిప్ ప్రధానంగా అమెరికా పౌరులకు, అక్కడ కొన్నేళ్ళుగా నివసిస్తున్నవారికి ఉద్దేశించినది. రోమ్‌లోనే ఉన్న బ్రిటిష్ స్కూల్ నియమాలు వేరు. అర్హత నియమాలు పూర్తిగా చదివేదాకా దరఖాస్తులో ఒక్క వాక్యం కూడా రాయకు.

చూడవలసినదంతా చూసేశానంటావా? అయితే జెనీవా పక్కన వాండెవ్ర్ అనే చిన్న ఊళ్ళో ఉన్న హార్ట్ ఫౌండేషన్ నీకు సరైన చోటు. తోటలో ఒక పాత భవనం, గ్రీకు, రోమన్ ప్రపంచాల మీద మంచి గ్రంథాలయం, యువ పరిశోధకులకు ఉపకారవేతనం. 1952లో వాళ్ళ మొదటి సదస్సు హోమర్ నుంచి ప్లేటో దాకా దైవభావన గురించే జరిగింది. మతాన్ని చదివేవాళ్ళకు అది పుట్టినిల్లులాంటిది. లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ పరిశోధన సంస్థ వాళ్ళు ప్రతి ఏడూ ఒక అంశం ప్రకటిస్తారు. నీ పని దానికి సహజంగా అతికితేనే పెట్టు. వాషింగ్టన్‌లోని డంబార్టన్ ఓక్స్‌లో నీ పనికి కాస్త దగ్గరగా ఉన్నది బైజాంటైన్ (తర్వాతి తూర్పు రోమన్ సామ్రాజ్యపు) చదువులే, దాన్ని కొట్టెయ్యి.

ఇక ప్రతిపాదన. నా మొదటి దరఖాస్తు తిరిగొచ్చింది. థీసిస్ సారాంశాన్నే నాలుగు పేజీల్లో కుదించి పంపాను. చదివేవాళ్ళలో సగం మంది మన రంగం వాళ్ళు కారని, వాళ్ళకు ముందుగా ఒక మనిషి, ఒక వస్తువు కనబడాలని అప్పటికి నాకు తెలియదు. నీకా ఇబ్బంది లేదు. నీ దగ్గర సెల్సీనుస్ ఉన్నాడు. క్రీ.శ. 62లో వచ్చిన భూకంపానికి కూలిన గుడిని తన డబ్బుతో పునాదుల నుంచి కట్టించాడని ద్వారం మీది శాసనం చెబుతుంది. అతని వయసు ఆరేళ్ళని కూడా అదే చెబుతుంది! తండ్రి ఆంప్లియాతుస్ విముక్తుడైన బానిస అని పండితుల అభిప్రాయం. అలాంటివాడు నగరసభలో సభ్యుడు కాలేడు, కొడుకు కాగలడు. ఆ బిడ్డతో మొదలుపెట్టు. 'రోమన్ ప్రపంచంలో ఐసిస్ ఆరాధన' అని మొదలుపెట్టావా, రెండో పేరా దాకా ఎవరూ రారు.

ఆ శాసనం ఎన్నోసార్లు చదివినా 'గ్రాతిస్' (ఉచితంగా) అనే ఒక్క మాట నా కంట పడలేదు. నా ధ్యాసంతా గోడ చిత్రాల మీదే ఉండేది. తర్వాత ఒక చోట ఫెలోగా ఉన్నప్పుడు, మధ్యాహ్న భోజనాల బల్ల దగ్గర పక్కన కూర్చున్న శాసనాల పండితురాలు అడిగింది: 'ఏ రుసుమూ లేకుండా సభలో చేర్చుకున్నారని ఉంది కదా, మామూలుగా ఎంత కట్టాలి?' నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ పూట లేచి గ్రంథాలయానికి వెళ్ళినదాన్ని మూడు వారాలు అదే పనిలో ఉండిపోయాను. నా పుస్తకంలో మంచి అధ్యాయం అలా వచ్చింది. అందుకే చెబుతున్నాను, పని ఉందని భోజనం గదికి తెప్పించుకోవద్దు. నువ్వు శాకాహారివని వంటింటివాళ్ళకు ముందే రాసి, రోజూ వెళ్ళి ఆ బల్ల దగ్గరే కూర్చో. ముభావంగా కూర్చోకు, ఆ రోజు చూసిన ఒక్క వస్తువు గురించైనా చెప్పు.

నేపుల్స్ మ్యూజియంలోనే 1938లో పాంపేయిలో దొరికిన మన దేశపు దంతపు బొమ్మ ఉంది. భారతీయురాలివి కాబట్టి దాన్ని ప్రతిపాదనలోకి లాగమని నీకు సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. నీ ప్రశ్నకు దానితో నిజమైన సంబంధం ఉంటే ఒక అధ్యాయమే ఇవ్వు, లేకపోతే ముట్టుకోవద్దు. అలంకారానికి తెచ్చి పెట్టినదాన్ని ఆ కమిటీలు ఇట్టే పట్టేస్తాయి. దాన్ని చూడటానికి మాత్రం తప్పకుండా వెళ్ళు. క్రీ.శ. 79లో బూడిద కింద పడిన ఆ బొమ్మ ముందు నిలబడ్డప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి.

సిఫారసు లేఖలు గడువుకు రెండు నెలల ముందే అడుగు. అడిగేటప్పుడు నీ ప్రతిపాదన కూడా జతచెయ్యి. మ్యూజియం గిడ్డంగిలో ఉన్నవి చూడాలంటే ముందుగా అనుమతి కావాలి, ఆ ఉత్తరం ఇటాలియన్‌లో రాయి. 90 రోజులు దాటే బసకు ఐరోపా దేశాల ఉమ్మడి షెంజెన్ స్వల్పకాల వీసా సరిపోదు, ఆ దేశపు దీర్ఘకాల వీసా తీసుకోవాలి. ఫలితం రాగానే ఆ పనిలో దిగు.

ప్రతిపాదన మొదటి పేజీ మాత్రం వచ్చే ఆదివారంలోగా నాకు పంపు. రెండో పేజీ ఇంకా మొదలుపెట్టకు.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ