చార్జర్ కాదు, డ్యాష్‌బోర్డు చూడండి

ప్రశ్న: విజయవాడలో క్యాబ్ నడుపుతాను. ఫోన్ కొని ఏడాదిన్నర అయింది. పొద్దున్నుంచి రాత్రి దాకా డ్యాష్‌బోర్డు మీద స్టాండులోనే ఉంటుంది, మ్యాప్స్ ఆన్‌లోనే. ఈ మధ్య వైరు తీస్తే రెండు మూడు గంటలు కూడా రావట్లేదు. 67 వాట్ల చార్జర్ వాడటం వల్లేనా?

జవాబు: చార్జర్ కంటే ముందు ఆ స్టాండును అనుమానించాలి. ఎండాకాలంలో డ్యాష్‌బోర్డు చేత్తో ముట్టుకోలేనంత కాలుతుంది. అక్కడ బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి, జీపీఎస్ నడుపుతూ, చార్జింగ్ కూడా పెడితే బయటి వేడికి లోపలి వేడి తోడవుతుంది. ఐఫోన్‌ను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని యాపిల్ చెబుతుంది. మే నెల మధ్యాహ్నం మీ ఊళ్లో నీడలోనే అంతకు మించి ఉంటుంది.

బ్యాటరీలో చార్జిని అటూ ఇటూ మోసేది లిథియం. లోపలి గ్రాఫైట్ మీద ఒక సన్నని పొర ఉంటుంది. వేడికి అది త్వరగా మందమవుతూ కొంత లిథియాన్ని తనలోనే పట్టేసుకుంటుంది. అలా చిక్కుకున్నది మళ్లీ పనికి రాదు. బ్యాటరీ 100 శాతం నిండి ఉన్నప్పుడు వోల్టేజి కూడా ఎక్కువే కాబట్టి, అప్పుడు తగిలే వేడి ఇంకా చేటు. మీ ఫోన్ రోజంతా ఉంటున్నది సరిగ్గా ఆ స్థితిలోనే.

ఇక 67 వాట్ల సంగతి. అంత వేగం మొదట్లోనే ఉంటుంది. బ్యాటరీ నిండేకొద్దీ, ఫోన్ వేడెక్కినా, కరెంటు దానంతటదే తగ్గుతుంది. కాబట్టి ఇంట్లో ఫ్యాన్ కింద, ఫోన్ వాడకుండా ఫాస్ట్ చార్జింగ్ చేసుకోండి, టెన్షన్ అక్కర్లేదు. కారులో మాత్రం 10 వాట్ల చార్జర్ చాలు.

స్టాండును ఏసీ గాలి వచ్చే చోటికి మార్చండి. ఒక్క ఈ మార్పుతోనే చాలా తేడా వస్తుంది. సెట్టింగ్స్‌లో 80 శాతం దగ్గర ఆపే ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి, మందపాటి కవర్ తీసేయండి. కాలిపోతోందని ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, లోపల తేమ చేరుతుంది. ఇప్పటికే తగ్గిన సామర్థ్యం వెనక్కి రాదు, బ్యాటరీ మార్పించుకోవాల్సిందే. వెనక మూత ఉబ్బినట్టు కనిపిస్తే ఆ క్షణమే చార్జింగ్ ఆపేసి, నొక్కకుండా, గుచ్చకుండా సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి.

ప్రశ్న: రాత్రంతా చార్జింగ్‌లో ఉంచితే బ్యాటరీ పోతుందా?

జవాబు: నిండాక ఫోనే చార్జింగ్ ఆపుకుంటుంది. ఐఫోన్లలో 2019 నుంచి, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇప్పుడు, 80 దగ్గర ఆగి మీరు లేచే వేళకు మిగతాది నింపే ఏర్పాటు ఉంది. దాన్ని ఆన్ చేసుకోండి. దిండు కింద, పరుపు మీద పెట్టి చార్జ్ చేయొద్దు. పిల్లల ఫోన్లయితే ఈ ఒక్కటి మీరే రోజూ చూసుకోండి.