ఉమ్మడి కంప్యూటరులో ఎవరి లాగిన్ వారికే ఉండాలి

మీ కార్యాలయంలో నలుగురికీ ఒకటే కంప్యూటరు, ఒకటే పాస్‌వర్డు అని, అందులోనే మీ సొంత ఈమెయిలు కూడా తెరవక తప్పడం లేదని, భద్రంగా లాగిన్ కావడం ఎలాగని అడిగారు. ఆ ఉమ్మడి పాస్‌వర్డును ఎంత కఠినంగా మార్చినా ప్రయోజనం ఉండదు. దాన్ని తీసివేసి నలుగురికీ నాలుగు ఖాతాలు పెట్టించండి. ఇంత గట్టిగా చెప్పడానికి నాకొక కారణం ఉంది.

నేను విజయవాడలో ఒక పన్ను సలహాదారు దగ్గర పనిచేసిన రోజుల్లో మాకూ ఇదే పద్ధతి. లాగిన్ పేరు ‘ఆఫీస్’. పాస్‌వర్డు మానిటరు కింది అంచుకు అంటించిన పసుపు చీటీ మీద ఉండేది. చేతి తడి తగిలి చివరి అంకె చెరిగిపోతే ఎవరో ఒకరు పెన్నుతో మళ్లీ దిద్దేవారు. ఒక నెల 20వ తేదీ సాయంత్రం, గడువు ముగుస్తున్న హడావుడిలో, ఒక క్లయింటు నెలవారీ జీఎస్టీ రిటర్ను, జీఎస్టీఆర్-3బీ, తప్పు అంకెలతో దాఖలైపోయింది. దాఖలు చేశాక ఆ రిటర్నును సవరించే వీలు లేదు, తర్వాతి నెలలో సర్దుకోవలసిందే. క్లయింటు డిజిటల్ సంతకం ఉండే చిన్న పరికరం (టోకెను) ఉదయం నుంచీ యూఎస్‌బీకే తగిలించి ఉంది, దాని పిన్ అందరికీ తెలుసు. ఎవరు నొక్కారో తేల్చుదామని విండోస్ తన చిట్టా చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే, లాగిన్‌లు నమోదయ్యే 4624 నంబరు వరుసలన్నింటిలోనూ మా ముగ్గురికీ కలిపి ‘ఆఫీస్’ అనే ఒక్క పేరే కనిపించింది. చివరికి నింద, చేరి నాలుగు నెలలైనా కాని కుర్రవాడి మీద పడింది. తాను కాదని చూపించే ఆధారం అతనికి లేదు. నిజానికి నాకూ లేదు, కాకపోతే నన్నెవరూ అడగలేదు. ఆ సాయంత్రం అతని ముఖం నాకింకా గుర్తుంది. వేరువేరు ఖాతాలంటే సాటివారిని నమ్మకపోవడమని మీ వాళ్లు అనుకుంటే, ఈ సంగతి చెప్పండి.

విండోస్‌లో ఇందుకు కొత్తగా కొనవలసిందేమీ లేదు. సెట్టింగ్స్‌లోని అకౌంట్స్ విభాగంలో ఒక్కొక్కరి పేరుతో స్టాండర్డ్ (సాధారణ) ఖాతా తెరవాలి. అన్ని అధికారాలూ ఉండే అడ్మినిస్ట్రేటర్ ఖాతా యజమాని ఒక్కరి దగ్గరే ఉండాలి, దాన్ని ఆయన కూడా రోజువారీ పనికి వాడకూడదు. అందరికీ కావలసిన టాలీ (లెక్కల సాఫ్ట్‌వేరు) డేటా, బిల్లుల స్కాన్లు పబ్లిక్ ఫోల్డరులో ఉంచితే పని ఆగదు. పాస్‌వర్డు గుర్తుండదనేవారు పిన్ పెట్టుకోవచ్చు. ఆ పిన్ ఆ ఒక్క యంత్రానికే పరిమితం కాబట్టి ఎవరైనా భుజం మీదుగా చూసినా మరో కంప్యూటరులో దానితో మీ ఖాతా తెరవలేరు. తెలుగు టైపు చేసేవారు లాగిన్ తెర కింద కుడి మూలనున్న భాష గుర్తు చూసుకోవాలి, ఎందుకంటే కీబోర్డు తెలుగులో ఉంటే సరైన పాస్‌వర్డు కూడా తప్పనే వస్తుంది. మా దగ్గర ఆ పసుపు చీటీ మొదట పుట్టింది ఈ చికాకు వల్లనే.

కుర్చీలోంచి లేచేటప్పుడు విండోస్ మీట, ఎల్ కలిపి నొక్కితే తెర లాక్ అవుతుంది, మీ పని మాత్రం లోపల తెరిచే ఉంటుంది. టీకి వెళ్లినా ఇది చేయాలి. అయితే నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత యంత్రంలో ముగ్గురి పనులు అలా తెరిచి ఉంటే కదలనే కదలదు, అందరూ విసిగి మళ్లీ పాత ఉమ్మడి ఖాతాకే వస్తారు. అలాంటి చోట ఎవరి పని అయ్యాక వారు పూర్తిగా సైన్ అవుట్ కావడమే మేలు.

సొంత ఈమెయిలు సంగతి వేరు. అడ్మినిస్ట్రేటర్ తలచుకుంటే మీ ఫోల్డర్లు చూడగలరు, కీబోర్డు తీగకూ సీపీయూకూ మధ్య మీటల నొక్కులు దాచుకునే చిన్న పరికరం ఎవరైనా తగిలిస్తే ఏ పాస్‌వర్డూ ఆగదు. అందువల్ల బ్యాంకు పనిని నా ఫోనులో, నా డేటాతోనే చేసుకుంటాను. ఈమెయిలు తప్పనిసరైతే క్రోమ్‌లో గెస్ట్ విండో తెరవండి. అది మూయగానే లాగిన్లూ చరిత్రా పోతాయి. దించుకున్న ఫైళ్లు మాత్రం డౌన్‌లోడ్స్‌లో ఉండిపోతాయి. ముఖ్యంగా ఈ-ఆధార్, అంటే దించుకునే ఆధార్ పీడీఎఫ్. దాని పాస్‌వర్డు పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిషు పెద్ద అక్షరాలు, పుట్టిన సంవత్సరం. మీ పక్క కుర్చీలో కూర్చునేవారికి ఈ రెండూ తెలిసే ఉంటాయి. ప్రింటు తీసుకున్న వెంటనే దాన్ని రీసైకిల్ బిన్‌లోంచి కూడా తీసేయండి. ఫోను బల్ల మీద బోర్లా పెట్టినా, లాక్ తెర మీద ఓటీపీ కనిపించకుండా నోటిఫికేషన్లు దాచిపెట్టండి.

యజమాని ఒప్పుకోవడానికి సమయం పట్టవచ్చు. ఈలోగా కనీసం సంతకం టోకెన్లను పని కాగానే తీసి బీరువాలో పెట్టించండి. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 42వ సెక్షను ప్రకారం ఆ సంతకపు తాళాన్ని (ప్రైవేట్ కీని) అధీనంలో ఉంచుకోవలసిన బాధ్యత దాని సొంతదారుదే, కాబట్టి మీ క్లయింట్లు కూడా ఈ మాట కాదనరు.